సెలవుతో ముడిపడిన పండుగ: కడప, కర్నూలు సీమలో క్రిస్మస్ ఇంటిరాక పుట్టుపూర్వోత్తరాలు

డిసెంబరు నెల సగం గడిచేసరికి కడప, అన్నమయ్య, కర్నూలు, నంద్యాల జిల్లాల్లోని అనేక క్రైస్తవ కుటుంబాలలో ఎదురుచూపులు మొదలవుతాయి. కువైట్‌లోనో, సౌదీ అరేబియాలోనో, ఖతర్‌లోనో, ఈ మధ్యకాలంలో బ్రిటన్, అమెరికాలలోనో పనిచేస్తున్న ఇంటిమనిషి క్రిస్మస్ నాటికి ఊరు చేరితే ఆ ఇంట ఏడాది పొడవునా వాయిదా పడిన పనులన్నీ ఒక్కసారిగా కదులుతాయి; అప్పు తీర్చే గడువు, ఇంటికి కప్పు వేయించే పని, ఆడపిల్ల పెళ్ళి మాటలు, తండ్రి ముఖం ఇంకా చూడని పసిబిడ్డ బాప్తిస్మం ఆ రాకనుబట్టే ఖాయమవుతాయి. ఇంత బలంగా నాటుకున్న ఈ ఆచారం ఈ నేలమీద అనాదిగా ఉన్నది కాదు, బయటినుంచి యథాతథంగా దిగుమతి అయినదీ కాదు. సుమారు 200 ఏళ్ళ కాలంలో పొరమీద పొరగా ఏర్పడినది.

ఆ పొరలను విడదీసి చూస్తే, పండుగకు ఇంటికి రావడమనే ఆచారానికి పండుగ ఎంత కారణమో, ఇంటిమనిషిని దూరం తీసుకుపోయిన చదువు, కొలువు, కూలి అంతే కారణమని, ఆ దూరంనుంచి కొన్నాళ్ళు విడుదల చేసే సెలవు అన్నింటికంటే ముఖ్యమైన కారణమని తెలుస్తుంది. పంచాంగం పండుగ తేదీని చెప్పగలదు గాని, మనిషి ఆ తేదీకి ఇల్లు చేరగలడా లేదా అన్నది సెలవు ఇచ్చేవారి చేతిలో ఉంటుంది. అందువల్ల ఈ ఆచారపు చరిత్ర చాలావరకు సెలవు చరిత్రే.

శ్రీశైలం దారి

పండుగకు దూరాలు దాటి అయినవారి దగ్గరికి చేరడం ఈ ప్రాంతానికి క్రైస్తవం కంటే ఎంతో ముందునుంచీ తెలుసు. నల్లమల అడవుల నడుమ కృష్ణానది ఒడ్డున వెలసిన శ్రీశైలం 12 జ్యోతిర్లింగాలలో ఒకటిగా, 18 శక్తిపీఠాలలో ఒకటిగా ప్రసిద్ధి చెందింది. ఆ క్షేత్రానికి తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమట అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం ద్వారాలని సంప్రదాయం చెబుతుంది. నాలుగు దిక్కులనుంచి వచ్చే యాత్రికులు ఈ ద్వారక్షేత్రాలలో ఆగి, అక్కడినుంచి కొండదారి పట్టేవారు. వీటిలో దక్షిణద్వారమైన సిద్ధవటం కడప జిల్లాలో పెన్నానది ఒడ్డున ఉంది. నేడు కువైట్ వలసకు పేరుపడిన రాజంపేట ప్రాంతానికి అది పొరుగూరు.

ఉగాదికి కర్ణాటకనుంచి శ్రీశైలానికి కాలినడకన వచ్చే భక్తుల ఆచారం ఈ సందర్భంలో ప్రత్యేకంగా గమనించదగినది. భ్రమరాంబను వారు తమ ఆడపడుచుగా, మల్లికార్జునుని తమ అల్లునిగా భావించి, పుట్టింటివారు ఆడబిడ్డకు పెట్టే చీర, పసుపుకుంకుమలతో కూడిన సారెను మోసుకొని వస్తారు. ఆత్మకూరు దాటి వెంకటాపురం, నాగలూటి, పెద్దచెరువు, భీమునికొలను మీదుగా కైలాసద్వారం ఎక్కే ఆ దారిలో సాగేది దేవుని దర్శనయాత్రే అయినా, నడిచేవారి మనసులో అది పండుగపూట చుట్టరికాన్ని నిలబెట్టుకొనే ప్రయాణం కూడా. నల్లమలలోని చెంచులు సైతం మల్లన్నను తమ ఇంటి అల్లునిగా చెప్పుకొంటారు. భాష వేరైనా, రాజ్యం వేరైనా, కొండలు అడ్డమొచ్చినా పండుగనాటికి బంధువు గడప తొక్కాలన్న భావం ఈ సీమలో అంత లోతైనది.

అయితే ఆ ప్రయాణానికీ నేటి ఇంటిరాకకూ ఒక మౌలికమైన తేడా ఉంది. 1830 మే నెలలో మద్రాసునుంచి కాశీకి బయలుదేరి, కడప, అహోబిలం మీదుగా శ్రీశైలం చూసి ముందుకు సాగిన ఏనుగుల వీరాస్వామయ్య వంటి యాత్రికుడు అడవిని, దొంగల భయాన్ని, దారిసుంకాలను లెక్కలోకి తీసుకోవలసి వచ్చేది. కాలినడకన వెళ్ళే రైతు కోతలు ముగిశాయా, వాగులు తగ్గాయా అని చూసుకొనేవాడు. వారి రాకపోకల గడువును నిర్ణయించినవి రుతువు, పంచాంగం, ఒంట్లోని సత్తువ. ఏ తేదీలోగా తిరిగి పనిలో చేరకపోతే కొలువు పోతుందో చెప్పే కాగితం మాత్రం వారి మూటలో ఉండేది కాదు. క్రిస్మస్ ఇంటిరాక కథ ఆ కాగితంతోనే మొదలవుతుంది.

డిసెంబరు 25 ఈ సీమకు చేరిన వైనం

యేసు జననాన్ని డిసెంబరు 25న జరుపుకొనే ఆచారానికి దొరుకుతున్న తొలి లిఖిత ఆధారం రోమునగరంలో క్రీ.శ. 354లో కూర్చిన ఒక పంచాంగం. ఆ పండుగకు ఆధారమైన కథలోనే ఒక ప్రయాణం ఉంది. చక్రవర్తి ఔగుస్తు ఆజ్ఞ ప్రకారం ప్రతివాడూ తన పూర్వికుల ఊరికి వెళ్ళి పేరు రాయించుకోవలసి రాగా, యోసేపు నిండు గర్భిణి అయిన మరియను వెంటబెట్టుకొని నజరేతునుంచి బేత్లెహేముకు వెళ్ళినట్టు లూకా సువార్త రెండో అధ్యాయం చెబుతుంది. సర్కారు ఉత్తరువుకు తలవంచి సొంత ఊరికి చేరి, అక్కడ తలదాచుకొనే చోటు దొరకని ఆ దంపతుల కథను పాస్‌పోర్టు, వీసా, హాజరుపట్టీల మధ్య బతికే వలసకూలీల కుటుంబాలు తమ కథకు దగ్గరగా వినడంలో ఆశ్చర్యం లేదు.

రాయలసీమలో క్రైస్తవం మొదట 18వ శతాబ్ది తొలినాళ్ళలో కర్ణాటక మిషన్ అనే పేరుతో పనిచేసిన ఫ్రెంచి జెసూట్ గురువుల ద్వారా కాలూనింది. మిషన్ అంటే మతప్రచారంతోపాటు బడులు, ఆసుపత్రులు నడిపే సంస్థ. ఆ గురువుల వద్ద మతం పుచ్చుకొన్న రెడ్డి, కమ్మ కుటుంబాలలో కొన్ని కరువులు, యుద్ధాల తాకిడికి ఆ శతాబ్దం చివరిలో గుంటూరు సీమకు తరలిపోయాయి. అంటే ఈ ప్రాంతపు తొలి క్రైస్తవుల చరిత్రలోనే ఇల్లు విడిచి వెళ్ళడం ఒక అధ్యాయం.

19వ శతాబ్దంలో వచ్చిన ప్రొటెస్టెంటు మిషన్లు మరింత విస్తృతంగా పనిచేశాయి. 1810లో బళ్ళారిలో స్థిరపడిన లండన్ మిషనరీ సొసైటీ 1822లో కడపలో కేంద్రాన్ని తెరిచి, తరువాతి కాలంలో గుత్తి, జమ్మలమడుగులకు విస్తరించింది. 1890లలో జమ్మలమడుగులో వెలసిన ఆసుపత్రి వైద్యుడైన క్యాంప్‌బెల్ పేరుతోనే నేటికీ ప్రసిద్ధం. ఆంగ్లికన్ సంప్రదాయానికి చెందిన ఎస్.పి.జి. అనే మరో సంస్థ నల్లమల పాదంలోని ముత్యాలపాడు, కొండలకు అవతలి కలసపాడు, ఆపై నంద్యాల కేంద్రాలుగా పల్లెలలో సంఘాలను నిర్మించింది. అమెరికన్ బాప్టిస్టులు కర్నూలులోను, అప్పట్లో కర్నూలు జిల్లాలోనే ఉన్న కంభం, మార్కాపురం ప్రాంతాలలోను పనిచేశారు. కర్నూలులోని కోల్స్ స్మారక పాఠశాల వారి కాలపు గుర్తు. ఆ విధంగా శ్రీశైలం కొండల చుట్టూ మాల, మాదిగ పల్లెలలో పెంకుటింటి గుడి, పక్కన బడి, ఆ రెండింటినీ చూసుకొనే ఉపదేశి అనే పల్లె బోధకుడు ఏర్పడ్డారు.

క్రిస్మస్ ఇంటిరాకలో తొలి పొర ఈ బడులదే. పల్లెలో నాలుగు అక్షరాలు నేర్చిన పిల్లవాణ్ణి పై చదువుకోసం కడప, నంద్యాల, కర్నూలు వంటి కేంద్రాలలోని బోర్డింగులో, అంటే తిండీ వసతీ కల్పించే బడిలో చేర్చేవారు. తరతరాలుగా ఊరి పొలిమేర దాటి చదువుకు వెళ్ళే వీలులేని కుటుంబాలకు కన్నబిడ్డ నెలల తరబడి కళ్ళకు దూరంగా ఉండడం కొత్త అనుభవం. సెలవులలో ఆ బిడ్డ ఇంటికి రావడం అంతకంటే కొత్త సంబరం. చదువు ముగించి ఉపదేశిగా, ఉపాధ్యాయుడిగా, నర్సుగా పనిలో చేరినవారు మిషన్ పంపిన ఊళ్ళలో కాపురముండి, సెలవు దొరికినప్పుడు పుట్టిన ఊరికి వచ్చేవారు. చదువూ జీతమూ కలిసి సృష్టించిన ఈ ఎడబాటు, కూలి కుటుంబాల జీవితంలో పండుగకు ఒక కొత్త అర్థాన్ని చేర్చింది.

క్రిస్మస్ సెలవులు, రైలుబండి

రెండో పొర ప్రభుత్వానిది. కడప 1800లో నిజాం నుంచి ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చిన దత్తమండలాలలో భాగం. కర్నూలు 1839లో కంపెనీ పాలనలోకి వచ్చింది. ఆంగ్లేయుల కచేరీలు, కోర్టులు, కళాశాలలు డిసెంబరు చివరివారంలో మూతపడేవి గనుక, ఏ మతంవారైనా సరే సర్కారు కొలువులో ఉన్న తెలుగువారికి ఆ వారం ఏడాదిలో దొరికే పెద్ద విరామమైంది. 1885లో డిసెంబరు 28న బొంబాయిలో మొదలైన భారత జాతీయ కాంగ్రెసు, ఆ తరువాత దశాబ్దాలపాటు తన వార్షిక సభలను ఎక్కువగా డిసెంబరు చివరి రోజులలోనే జరపడానికి, సభ్యులలో అధికులైన వకీళ్ళకు, ఉపాధ్యాయులకు అప్పుడే తీరిక దొరకడం ఒక కారణం. 1923 నాటి కాకినాడ కాంగ్రెసు కూడా డిసెంబరు 28ననే ప్రారంభమైంది. క్రైస్తవుల పండుగ దేశంలోని అందరి సెలవుగా మారిన ఆ ఏర్పాటు స్వాతంత్ర్యం తరువాత కుదించుకుపోయినా, డిసెంబరు 25 సెలవుగా నేటికీ నిలిచింది.

సెలవు ఉన్నంతమాత్రాన ఇల్లు చేరలేరు, దారి కావాలి. మద్రాసునుంచి రేణిగుంట, కోడూరు, రాజంపేట, నందలూరు, కడప, ఎర్రగుంట్ల, గుత్తి, గుంతకల్లు మీదుగా సాగిన రైలుమార్గం 1871లో రాయచూరు వద్ద బొంబాయి మార్గంతో కలిసింది. 1880లలో నంద్యాలను గుంటూరు వైపుకు కలుపుతూ నల్లమల కొండలను సొరంగాలతో, వంతెనలతో దాటించిన మరో మార్గం గిద్దలూరు, కంభం, మార్కాపురం ప్రాంతాలను బయటి ప్రపంచానికి దగ్గర చేసింది. ఈ మార్గాలు ప్రయాణికులను మోయడమేగాక కొలువులనూ ఇచ్చాయి. గుంతకల్లు రైల్వే కాలనీలలో ఆంగ్లో ఇండియన్లు, తెలుగు క్రైస్తవులు, ఇతరులు ఇరుగుపొరుగుగా బతికారు. నందలూరు ఆవిరి ఇంజన్ల షెడ్డు చుట్టూ ఒక ఊరే పెరిగింది. జీతం, సెలవు, ఉచిత ప్రయాణపు పాసు మూడూ ఒకే యజమాని ఇచ్చిన రైల్వే ఉద్యోగి ఇంటికి వచ్చిపోయే తీరు, తరువాతి కాలపు గల్ఫ్ కార్మికుడి తీరుకు పూర్వరూపం వంటిది.

కరువు, సుగ్గి, వేరొక పండుగ

అందరి వలసకూ డిసెంబరుతో సంబంధం లేదు. అందువల్ల అందరి ఇంటిరాకా క్రిస్మస్‌కు జరగదు. ధాత సంవత్సరపు కరువుగా పెద్దలు చెప్పుకొన్న 1876-78 మహాక్షామంలో రాయలసీమ పల్లెలు అన్నం వెతుక్కుంటూ చెల్లాచెదరయ్యాయి. నల్లమలలో పుట్టి తూర్పుకు పారే గుండ్లకమ్మ ఒడ్డున, ఒంగోలు సీమలోని వెలంపల్లి వద్ద 1878 జూలై 3న ఒక్కరోజునే 2,222 మందికి బాప్తిస్మం ఇవ్వడం ఆ కరువు వెనువెంటనే జరిగిన సంఘటన. కరువులో గంజికేంద్రాలు నడిపి, కాలువ తవ్వకం పనులు ఇప్పించిన మిషన్లపై పేదలకు కలిగిన నమ్మకం తరువాతి తరాలలో వారి పండుగలను, పేర్లను, పెళ్ళిళ్ళను మార్చింది.

కర్నూలు జిల్లా పడమటి భాగంలోని ఆదోని, కోసిగి, పత్తికొండ ప్రాంతాలలో నేటికీ సాగే వలసను సుగ్గి అంటారు. తమ మెట్టచేలలో పని ముగిసిన కుటుంబాలు పిల్లాజెల్లాతో గుంటూరు మిరపచేలకు, కర్ణాటక పత్తిచేలకు కూలికి వెళ్ళే కాలమది. మిరపకోతలు చలికాలంలోనే ఊపందుకుంటాయి గనుక, క్రిస్మస్, సంక్రాంతి రోజులు ఆ కుటుంబాలకు ఊరికి తిరిగివచ్చే సమయం కాకుండా ఊరు విడిచే సమయమవుతాయి. వారి ఇంటిరాకకు ఉగాది దగ్గరి పండుగ. కర్ణాటక భక్తులు సారెలతో శ్రీశైలానికి చేరే ఆ రోజులలోనే సుగ్గికి పోయిన కూలీలు గుంటూరునుంచి సొంత ఊళ్ళకు మళ్ళుతారు. ఒకే జిల్లాలో, కొన్నిచోట్ల ఒకే మతంలో, ఒక కుటుంబం డిసెంబరులో కూడుకొని మరొక కుటుంబం అదే డిసెంబరులో విడిపోవడానికి కారణం భక్తిలోని హెచ్చుతగ్గులు కావు, పని కాలాలలోని తేడాలు.

కువైట్ దారి

మూడో పొర, అన్నింటికంటే బలమైనది, గల్ఫ్ వలస. కువైట్‌లో 1938లో చమురు బయటపడింది, 1946లో ఎగుమతి మొదలైంది. 1961లో సొంత దీనారు వచ్చేవరకు అక్కడ భారత రూపాయి, దాని స్థానంలో 1959లో వచ్చిన గల్ఫ్ రూపాయి చెలామణిలో ఉండేవి. ఆ దేశానికీ బొంబాయికీ మధ్య ఓడవర్తకపు సంబంధం అంత సన్నిహితమైనది. 1973లో చమురు ధర ఒక్కసారిగా పెరిగి, రోడ్లు, భవనాలు, శుద్ధి కర్మాగారాల నిర్మాణం జోరందుకోవడంతో తాపీపనివారు, డ్రైవర్లు, వంటవారు, ఇంటిపనివారు లక్షల సంఖ్యలో కావలసివచ్చారు. నిత్యం వానకోసం ఆకాశం చూసే రాయచోటి, రాజంపేట, కోడూరు, పుల్లంపేట, బద్వేలు ప్రాంతాలనుంచి హిందువులు, ముస్లిములు, క్రైస్తవులు ఆ పిలుపును అందుకొన్నారు. ఒకరు వెళ్ళి కుదురుకొన్నాక తమ్ముణ్ణి, బావమరిదిని, పక్కింటివాణ్ణి పిలిపించుకోవడంతో కొన్ని ఊళ్ళలో కువైట్ వెళ్ళడం ఇంటి ఆనవాయితీగా మారింది. నేడు కువైట్‌లో ఉన్న భారతీయులు దాదాపు 10 లక్షలు. వారిలో కడప సీమ మనుషుల గుంపు ప్రత్యేకంగా గుర్తుపట్టదగినది.

ఆ వలసకు కొన్ని మాటలు ప్రాణం. విదేశీ కార్మికుడిని పిలిపించి, అతనికి పూచీగా నిలిచే యజమానిని కఫీల్ అంటారు. ఆ దేశంలో నివసించడానికి ఇచ్చే అనుమతిపత్రం అకామా. కడప పల్లెలలో కద్దామా వీసాగా పిలిచేది ఇంటిపనికి ఇచ్చే వీసా. కువైట్ నివాస నిబంధనలలో ప్రైవేటు సంస్థల కార్మికులకు 18వ నంబరు, ఇంటిపనివారికి 20వ నంబరు అధికరణం వర్తిస్తాయి. ఈ రెండు అంకెల మధ్య తేడా ఇంటిరాకలో తేడాగా కనిపిస్తుంది. కంపెనీలో పనిచేసేవారికి 2010 నాటి 6వ నంబరు కార్మికచట్టం ఏడాదికి 30 రోజుల జీతపు సెలవు ఇచ్చింది. ఇంటిపనివారికి అటువంటి హక్కు చట్టరూపంలో రావడానికి 2015 నాటి 68వ నంబరు చట్టం వరకు ఆగవలసివచ్చింది. వారానికొక విశ్రాంతిదినాన్ని, రోజుకు 12 గంటలకు మించని పనివేళలను, ఏడాదికి 30 రోజుల సెలవును ఆ చట్టం నిర్దేశించింది. కార్మికురాలి సమ్మతి లేకుండా ఆమె పాస్‌పోర్టును యజమాని తన దగ్గర ఉంచుకోకూడదని కూడా చెప్పింది. అయితే నాలుగు గోడల మధ్య సాగే పనిలో చట్టం అమలు యజమాని మంచితనం మీద ఆధారపడుతున్నందువల్ల, డిసెంబరులో ఇంటికి రాగలిగినవారిలో డ్రైవర్లు, కంపెనీ కార్మికులు ముందుంటారు. ఇంటిపని చేసే తల్లులు చాలాసార్లు వెనుకబడిపోతారు.

కువైట్‌లో డిసెంబరు 25 సెలవుదినం కాదు. అక్కడ వారాంతపు సెలవులో ముఖ్యమైన దినం శుక్రవారం. అందువల్ల ఆదివారపు ఆరాధన అక్కడి తెలుగువారికి శుక్రవారపు ఆరాధనగా మారింది. నగరంలోని నేషనల్ ఎవాంజెలికల్ చర్చి ఆవరణలో అనేక భాషల సంఘాలు గంటలు పంచుకొని, ఒకరి తరువాత ఒకరు ప్రార్థన జరుపుకొంటారు. తెలుగు సంఘాలవారు ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకంలోని పాటలను అక్కడా పాడుకొంటారు. పండుగ పనిదినమైన చోట, పని ముగించుకొని రాత్రివేళ పాట పాడి, మరునాడు తెల్లవారకముందే లేవవలసిన మనిషికి ఊరిలోని క్రిస్మస్ ఎంత పెద్ద కోరికో చెప్పనవసరం లేదు.

ముప్పై రోజుల లెక్క

గల్ఫ్ కార్మికులలో క్రైస్తవులు డిసెంబరు మధ్యలో సెలవు కోరడానికి భక్తితోపాటు ఒక చక్కని లెక్క ఉంది. ఆ సమయంలో బయలుదేరితే 30 రోజులలో క్రిస్మస్, డిసెంబరు 31 రాత్రి కొత్త సంవత్సరాన్ని గుడిలో ఆహ్వానించే వాచ్‌నైట్ ఆరాధన, జనవరి నడుమ వచ్చే సంక్రాంతి మూడూ కలిసివస్తాయి. వేరుశనగ కోత ముగిసి, ఇళ్ళలో కొంత గింజ, కొంత డబ్బు ఉండే రోజులవి. హిందువులైన బంధువులు, ఇరుగుపొరుగులు కూడా సంక్రాంతికి ఊళ్ళో ఉంటారు గనుక పెళ్ళి సంబంధాలు చూడడానికి, భూమి బేరాలు తెగగొట్టడానికి, పాత తగాదాలు పెద్దల ముందు సర్దుకోవడానికి అంతకంటే అనువైన కాలం లేదు. గృహప్రతిష్ఠగా పిలిచే కొత్త ఇంటి ప్రార్థన, ఆపద గట్టెక్కినందుకు సంఘాన్ని పిలిచి భోజనం పెట్టే కృతజ్ఞత కూడిక, పిల్లల బాప్తిస్మం ఈ రోజులలోనే ఎక్కువగా జరుగుతాయి.

రాకకు ముందే రాక గుర్తులు కనిపిస్తాయి. దుప్పట్లు, ఖర్జూరం, పాలపొడి, సబ్బులు, పిల్లల బొమ్మలు నింపిన కార్గో పెట్టెలు వారాల ముందే ఇంటికి చేరతాయి. వెదురుబద్దలకు రంగుకాగితం అంటించిన నక్షత్రం మిద్దెపైకి ఎక్కుతుంది. పాటల బృందాలు రాత్రివేళ ఇల్లిల్లూ తిరుగుతాయి. పండుగనాడు తెల్లవారుజామున గుడిలో ఆరాధన, ఇంట్లో ఓళిగలు, కజ్జికాయలు, మధ్యాహ్నం మాంసపు కూర, కొత్త గుడ్డలు ఉంటాయి. ఇవేవీ విదేశీ క్రిస్మస్‌నుంచి అరువు తెచ్చుకొన్న రుచులు కావు. పెళ్ళికి, పెద్దపండుగకు ఈ సీమ వండుకొనేవే. ఉత్తరం చేరడానికి వారాలు పట్టిన కాలంలో క్యాసెట్టులో మాట నింపి పంపిన కుటుంబాలు ఇప్పుడు రోజూ ఐఎంఓ అనే వీడియో కాల్ యాప్‌లో ముఖం చూసుకొంటున్నాయి. అయినా ఫోనుతెరమీద రోజూ కనబడే మనిషికోసం ఎదురుచూపు తగ్గకపోవడం, పండుగకు కావలసింది మాట మాత్రమే కాదని రుజువు చేస్తుంది.

దారులూ మారాయి. తొలితరం గల్ఫ్ ప్రయాణికులకు బొంబాయి విమానాశ్రయం, ఆపైన రైలు తప్పనిసరి. రాజంపేట, కోడూరు వారికి చెన్నై దగ్గరి రేవుగా నిలిచింది. 2008లో శంషాబాద్, దేవనహళ్ళి విమానాశ్రయాలు మొదలయ్యాక కర్నూలు, అనంతపురం వారికి దూరం తగ్గింది. 2015లో కడపలో, 2021 మార్చిలో కర్నూలు దగ్గరి ఓర్వకల్లులో విమానాశ్రయాలు తెరుచుకొన్నా, అవి దేశంలోపలి సర్వీసులకే కావడంతో గల్ఫ్‌నుంచి వచ్చే మనిషి పెద్ద నగరంలో దిగకతప్పదు. శంషాబాద్ దగ్గరినుంచి శ్రీశైలం వైపు సాగే రహదారి పులుల అభయారణ్యంగుండా పోతుంది గనుక అడవిభాగంలో రాత్రి వాహనాలను ఆపుతారు. రాత్రిపూట విమానం దిగి ఆ దారిన దోర్నాల, సున్నిపెంట వైపు వెళ్ళేవారు తెల్లవారి గేటు తెరిచేవరకు మన్ననూరు వద్ద ఆగాలి.

రాక ఆగిన ఏళ్ళు

ఈ ఆచారం ఎంత సున్నితమైన ఏర్పాటుమీద నిలిచిందో రెండు సందర్భాలు చూపాయి. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించినప్పుడు అక్కడి భారతీయులు జోర్డాన్ రాజధాని అమ్మాన్‌కు రోడ్డుమార్గాన చేరగా, ఆగస్టు నడుమనుంచి అక్టోబరు వరకు ఎయిరిండియా వందల విమానాలు నడిపి లక్షకు పైగా జనాన్ని స్వదేశానికి తెచ్చింది. ఆ ఏడాది డిసెంబరులో ఎంతోమంది ఇంటివద్దనే ఉన్నారు. అయినా అది పండుగకు వచ్చిన రాక కాదు. జీతం బకాయి, బ్యాంకులో దాచిన సొమ్ము, గదిలో వదిలిన సామాను అక్కడ చిక్కుకుపోగా చేతులూపుకొంటూ వచ్చిన మనిషికి ఇల్లు ఆశ్రయమిచ్చింది గాని, పండుగను ఇవ్వలేకపోయింది. సెలవు అంటే ఇంటికి రావడం మాత్రమే కాదు, తిరిగివెళ్ళే చోటు ఉండడం కూడా అన్న సత్యం ఆ ఏడాది తేటపడింది.

2020లో దీనికి తలకిందులైన స్థితి ఏర్పడింది. కోవిడ్ కారణంగా 2020 మార్చి 23న ఆగిన సాధారణ అంతర్జాతీయ విమాన సర్వీసులు 2022 మార్చి 27 వరకు పూర్తిగా పునరుద్ధరణ కాలేదు. 2020 మే 7న మొదలైన వందే భారత్ విమానాలు, ఆపైన దేశాల మధ్య కుదిరిన ప్రత్యేక ఏర్పాట్లు కొందరిని చేరవేశాయి. కాని సాధారణంగా 6 నెలలకు మించి దేశం బయట ఉంటే అకామా చెల్లకుండాపోయే నిబంధన ఉన్నచోట, ఇంటికి వస్తే తిరిగి వెళ్ళగలమో లేదో తెలియక చాలామంది ఆగిపోయారు. 1990లో ఇల్లు చేరినవారికి పండుగ లేదు. 2020లో పండుగ ఉన్నా ఇల్లు చేరే ధైర్యం లేదు.

చేరవలసిన ఇల్లు ఏది?

శ్రీశైలం ప్రాంతానికి మరొక చేదు అనుభవం కూడా ఉంది. 1963లో శంకుస్థాపన జరిగిన శ్రీశైలం జలాశయం 1981 నాటికి నిండడం మొదలైనప్పుడు కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో 100కు పైగా ఊళ్ళు నీటిపాలయ్యాయి. కృష్ణ, భవనాశి నదులు కలిసేచోట ఉన్న సంగమేశ్వరాలయం వేసవిలో నీరు తగ్గినప్పుడు బయటపడుతుంది. మునిగిన ఊళ్ళ ఇళ్ళకు ఆ పునర్దర్శనం లేదు. ఆ ఊళ్ళవారు కొత్త కాలనీలకు, పట్టణాలకు చెదిరిపోయారు. పుట్టిన ఊరే లేనివారు పండుగకు ఎక్కడికి వస్తారన్న ప్రశ్నకు వారి జీవితమే జవాబు చెప్పింది: తల్లి ఎక్కడ ఉంటే, పెద్దన్న ఎక్కడ పొయ్యి వెలిగిస్తే అదే ఊరు. క్రిస్మస్‌కైనా సంక్రాంతికైనా మనిషి చేరేది గోడల దగ్గరికి కాక మనుషుల దగ్గరికని నిర్వాసితులు అందరికంటే ముందు తెలుసుకోవలసివచ్చింది.

హక్కుగా మారవలసిన రాక

ప్రపంచంలో ఇంటిరాకను ప్రభుత్వ విధానంగా గుర్తించిన దేశాలు ఉన్నాయి. విదేశాలలోని తన ప్రజలను క్రిస్మస్ కాలంలో స్వదేశానికి రప్పించడానికి ఫిలిప్పీన్స్ ప్రభుత్వం 1973లో బాలిక్‌బాయన్ అనే పథకాన్ని ప్రారంభించి, 1989లో దానికి చట్టరూపం ఇచ్చింది. తిరిగివచ్చేవారికి సుంకాలలో, ప్రయాణంలో సౌకర్యాలు కల్పించే ఆ పథకంలో పర్యాటకపు లాభాపేక్ష ఉన్న మాట నిజమే. అయినా వలసకార్మికుడికి తిరిగివచ్చే పండుగ ఒకటుందని రాజ్యం ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. భారతదేశంలో 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రధానంగా కార్మికుడు దేశం విడిచే క్షణాన్ని నియంత్రిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రవాసాంధ్రుల సంస్థ విమానాశ్రయంనుంచి మృతదేహాలను, రోగులను ఇంటికి చేర్చే ఉచిత అంబులెన్సును నడుపుతోంది. వెళ్ళేనాడు కాగితం, కడపటిసారి వచ్చేనాడు వాహనం ఉన్నాయి. ఆ రెండింటి నడుమ బతికి ఉన్న మనిషి ఏడాదికొకసారి తన పిల్లల మధ్యకు రావడమనే అవసరానికి కూడా అంతే శ్రద్ధ కావాలి.

బోర్డింగు పిల్లవాడినుంచి రైల్వే గుమాస్తా వరకు, అక్కడినుంచి కువైట్ డ్రైవరు వరకు ఈ చరిత్ర చెప్పే విషయం ఒక్కటే: ఇంటిరాక దానంతటది జరగదు, ఎవరో ఇచ్చిన సెలవు దాన్ని సాధ్యం చేస్తుంది. బడి ఇచ్చిన సెలవు పల్లె పిల్లలకు, సర్కారు ఇచ్చిన సెలవు ఉద్యోగులకు దక్కినట్టే, కాగితంమీద ఉన్న 30 రోజుల సెలవు పరాయి ఇంట వంట చేసే తల్లికి కూడా నిజంగా దక్కినప్పుడే ఈ ఆచారం పూర్తవుతుంది. అందుకు భారత రాయబార కార్యాలయాలు ఇంటిపని ఒప్పందాలలో సెలవు షరతును గట్టిగా అడిగి అమలును గమనించాలి. పాస్‌పోర్టు తన చేతిలోనే ఉండాలన్న హక్కును బయలుదేరేముందే ప్రతి స్త్రీకి ఆమె భాషలో తెలియజేయాలి. ఊళ్ళలోని సంఘాలు, పంచాయతీలు రాలేకపోయినవారి పేర్లను రాసిపెట్టుకొని ఎందుకు రాలేకపోయారో విచారించాలి. రాయలసీమ తన బిడ్డల కష్టంమీద ఇళ్ళు కట్టుకొంది, బావులు తవ్వుకొంది, గుళ్ళు లేపుకొంది. ఆ బిడ్డలకు ఏడాదిలో ఒక నెల తమ ఇంట ఉండే హక్కును సాధించిపెట్టడం ఈ సీమ తీర్చవలసిన బాకీ.